వెనిస్‌లో ఒక్క రోజు: గైడ్ వెనకాలా, పడవ మీదా, దీవులకా, సందుల్లోకా?

యూరప్ టూర్లలో వెనిస్‌కి సాధారణంగా ఒక్క రోజే ఇస్తారు. ఆ రోజు కూడా పూర్తిగా చేతికి రాదు. పొద్దున హోటల్లో టిఫిన్ల హడావుడి, తర్వాత బస్సు, బస్సు దిగాక పడవ, సాయంత్రం మళ్ళీ అదే వరసలో వెనక్కి. మధ్యలో మిగిలేది ఆరేడు గంటలు. వాటిలో ఏం చేయాలన్న చర్చ బస్సులోనే మొదలవుతుంది. ఒకరికి గొండోలా పడవ ఎక్కాలి, ఒకరికి గాజు బొమ్మలు కొనాలి, ఒకరికి రంగురంగుల ఇళ్ళ ముందు ఫొటో కావాలి, ఇంకొకరికి ఎక్కడైనా కాసేపు కూర్చోనిస్తే చాలు.

నేను రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి హైదరాబాద్ నుంచి ప్యాకేజీ టూర్‌లో, నలభై మందిలో ఒకదాన్నిగా. రెండోసారి సొంతంగా, తొమ్మిది మందిమి: మేమిద్దరం, పిల్లలిద్దరు, అత్తయ్య, మామయ్య, పిన్ని, బాబాయి, వాళ్ళబ్బాయి. మొదటిసారి చేసిన తప్పులు రెండోసారి చేయలేదు, కొత్తవి చేశాం. చూడాల్సిన చోట్ల జాబితా రాసుకుని వెనిస్ ప్లాన్ మొదలుపెడితే మధ్యాహ్నానికే చెడిపోతుంది. వెంట వచ్చేవాళ్ళ మోకాళ్ళ దగ్గర మొదలుపెట్టాలి.

## ముందు తేల్చుకోవాల్సినవి

మెట్లు. ఊళ్ళో కార్లు లేవు, స్కూటర్లు లేవు, సైకిల్ తొక్కనివ్వరు. 118 దాకా చిన్న చిన్న లంకలు, వాటిని కలుపుతూ నాలుగు వందలకు పైగా వంతెనలు. కింద నుంచి పడవలు పోవాలి కాబట్టి దాదాపు ప్రతి వంతెనా విల్లులా వంగి ఉంటుంది, మెట్లెక్కి మెట్లు దిగాలి. మ్యాపులో కిలోమీటరే కదా అని బయల్దేరితే దారిలో ఎన్ని వంతెనలు తగులుతాయో లెక్క తెలియదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు, చంటిపిల్లల బండి ఉన్నవాళ్ళు మీటర్లు మానేసి వంతెనలు లెక్కపెట్టుకోవాలి.

డబ్బు. ఊళ్ళో తిరిగే పెద్ద పడవని వాపొరెట్టో అంటారు. మన సిటీ బస్సు లాంటిదే, నీళ్ళ మీద నడుస్తుంది. ఒక్క టికెట్టు 9.50 యూరోలు, 75 నిమిషాలు చెల్లుతుంది. 24 గంటల పాస్ 25 యూరోలు. అంటే విడివిడిగా మూడుసార్లు ఎక్కేవాళ్ళకి పాసే చవక. ఆరేళ్ళలోపు పిల్లలకి టికెట్టు అక్కర్లేదు. ఇవి నేను వెళ్ళినప్పటి ధరలు, బయల్దేరే ముందు ఒకసారి చూసుకోండి.

ప్రవేశ రుసుము. పగలు వచ్చి సాయంత్రం వెళ్ళిపోయేవాళ్ళ దగ్గర 2024 ఏప్రిల్ 25 నుంచి కొన్ని రోజుల్లో రుసుము తీసుకుంటున్నారు. మొదటి ఏడాది 29 రోజులు, 2025లో 54 రోజులు, ఎక్కువగా వసంతం నుంచి జూలై దాకా వచ్చే వారాంతాలు. ముందే కడితే 5 యూరోలు, ఆఖరి రోజుల్లో కడితే 10. పొద్దున ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం నాలుగు దాకానే లెక్క. 14 ఏళ్ళలోపు వాళ్ళకి లేదు. నీళ్ళకి ఇవతల నేల మీదున్న మెస్త్రె లాంటి చోట హోటల్లో దిగినవాళ్ళకీ లేదు, ఎందుకంటే అది కూడా వెనిస్ మునిసిపాలిటీ కిందే వస్తుంది. కానీ మినహాయింపు ఉన్నా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసి కోడ్ తీసుకోవాలి. మెస్త్రె అవతల ఏదో ఊళ్ళో హోటల్ అయితే కట్టాల్సిందే. మీ హోటల్ అడ్రసు ఏ మునిసిపాలిటీలో ఉందో టూర్ వాళ్ళని ముందే అడగండి.

కడుపు, టాయిలెట్. పబ్లిక్ టాయిలెట్‌కి ఒకటిన్నర యూరో, అదీ ఎక్కడ పడితే అక్కడ ఉండదు. మ్యూజియంలో, రెస్టారెంట్‌లో అవకాశం ఉన్నప్పుడే పని కానిచ్చుకోవడం మంచిది. తాగే నీళ్ళు మాత్రం వీధి కుళాయిల్లో ఉచితం, బాటిల్ నింపుకోవచ్చు.

ఎంతమంది. నలుగురు దాటితే ఏదో ఒక సందు మలుపులో ఎవరో ఒకరు తప్పిపోతారు. ఇది జరుగుతుందని ముందే అనుకుని ప్లాన్ వేయండి.

## ఒక్క చూపులో

| దారి | ఎంతసేపు | ఒక్కొక్కరికి ఖర్చు | మెట్లు | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|---|
| గైడ్‌తో సెయింట్ మార్క్ మైదానం చుట్టూ | 3–4 గంటలు | ప్యాకేజీలోనే, లోపలి టికెట్లు వేరు | మధ్యస్థం | మొదటిసారి వచ్చినవాళ్ళు, చరిత్ర ఇష్టమున్నవాళ్ళు |
| పడవ పాస్‌తో గ్రాండ్ కెనాల్ | 2 గంటల నుంచి రోజంతా | 25 యూరోలు | చాలా తక్కువ | పెద్దవాళ్ళు, చంటిపిల్లలున్నవాళ్ళు |
| మురానో, బురానో దీవులు | 5–6 గంటలు | అదే 25 యూరోల పాస్ | తక్కువ | రెండోసారి వచ్చినవాళ్ళు, ఫొటోల వాళ్ళు |
| సందుల్లో కాలినడక | మీ ఓపిక | దాదాపు ఏమీ లేదు | చాలా ఎక్కువ | కుర్రాళ్ళు, ఇద్దరు ముగ్గురున్న జట్లు |

## గైడ్ వెనకాల

దీని మీద నాకు మొదట చిన్నచూపు ఉండేది. జెండా పట్టుకున్న మనిషి వెనక బడిపిల్లల్లా నడవడమేంటి అనిపించేది. ఇప్పుడు ఆ అభిప్రాయం సగం మారింది.

సెయింట్ మార్క్ బసిలికా అనే పెద్ద చర్చి లోపలికి వెళ్ళి తలెత్తితే బంగారు రంగు తప్ప ఇంకేమీ కనబడదు. ఎనిమిది వేల చదరపు మీటర్లకు పైగా మొజాయిక్, అంటే చిన్న చిన్న ముక్కలు పొదిగి చేసిన బొమ్మలు. చెప్పేవాళ్ళు లేకపోతే "బాగుంది" అని బయటికి వచ్చేస్తాం. గైడ్ ఉంటే కథ తెలుస్తుంది. 828లో ఇద్దరు వెనిస్ వర్తకులు అలెగ్జాండ్రియా నుంచి సెయింట్ మార్క్ భౌతికకాయాన్ని ఎత్తుకొచ్చారని, ముస్లిం అధికారులు తనిఖీ చేయకుండా పైన పంది మాంసం కప్పారని అక్కడి కథ. ఆ సన్నివేశం గోడ మీదే ఉంది, చూపిస్తే తప్ప కంటపడదు. నాలుగు కంచు గుర్రాలదీ అలాంటి కథే. 1204లో కాన్‌స్టాంటినోపుల్ నుంచి దోచుకొచ్చారు, 1797లో నెపోలియన్ వాటినే పారిస్‌కి పట్టుకుపోయాడు, 1815లో తిరిగొచ్చాయి. బయట కనిపించేవి నకళ్ళు, అసలువి మేడ మీద మ్యూజియంలో ఉన్నాయి.

పక్కనే డోజ్ ప్యాలెస్. వెనిస్ గణతంత్రాన్ని ఏలిన డోజ్ నివాసం, కోర్టు, జైలు అన్నీ ఒక్క చోటే. టికెట్టు ముప్పై యూరోల చుట్టుపక్కల ఉంటుంది. లోపల రెండు గంటలు ఇవ్వలేకపోతే కొనకండి. నలభై నిమిషాల్లో పరిగెత్తించే టూర్లున్నాయి, డబ్బు దండగ.

బసిలికాలోకి భుజాలు, మోకాళ్ళు కప్పుకునే వెళ్ళాలి. చీరలు, చుడీదార్ల వాళ్ళకి ఇబ్బంది లేదు. వేసవిలో నిక్కర్లు వేసుకొచ్చిన మగవాళ్ళే గుమ్మం దగ్గర ఆగిపోతారు. వీపు బ్యాగులు కూడా లోపలికి రానివ్వరు.

గైడ్ దారిలో ఉన్న చిక్కు గుంపే. 2024 జూన్ నుంచి ఒక గైడ్ వెంట 25 మందికి మించకూడదు, లౌడ్‌స్పీకర్ వాడకూడదు అన్న నియమం వచ్చింది. నలభై మంది బస్సుని రెండు జట్లుగా విడదీస్తారు. మీ స్నేహితులు ఒక జట్టులో, మీరు ఇంకో జట్టులో పడొచ్చు, బస్సు దిగేటప్పుడే కలిసి నిలబడండి.

మా ప్యాకేజీ టూర్‌లో జరిగింది చెప్తాను. గైడ్ చూపించడం అయ్యాక రెండు గంటలు ఖాళీ ఇచ్చి, "నాలుగింటికి బెల్ టవర్ కింద" అన్నారు. మాతో విజయనగరం నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉన్నారు, మూడు రోజుల పరిచయం, అప్పటికే అందరికీ మాస్టారుగారు. నాలుగయింది, నాలుగుంపావు అయింది, ఆయన రాలేదు. ఆయన భార్య ముఖం వాడిపోయింది. ఫోన్ చేస్తే ఎత్తి, "నేను పదిహేను నిమిషాల నుంచి ఇక్కడే ఉన్నానమ్మా, మీరే ఎవరూ లేరు" అన్నారు. విజయనగరం మనిషికి బెల్ టవర్ అంటే గంటస్తంభం, గంటస్తంభం అంటే గడియారం ఉన్న స్తంభం. సెయింట్ మార్క్ మైదానంలో గడియారం గోపురం వేరే ఉంది. దాని పైన ఇద్దరు కంచు మనుషులు సుత్తులతో గంట కొడుతుంటారు. ఆయన బుద్ధిగా దాని కింద నిలబడ్డారు. మేము ఎర్ర ఇటుకల ఎత్తు గోపురం, కంపనీలె కింద నిలబడ్డాం. రెంటికీ మధ్య వంద మీటర్లు కూడా లేకపోవచ్చు, నడుమ జనం అంతమంది ఉన్నారు. దొరికాక ఆయనే అందరికన్నా ఎక్కువ నవ్వారు. "గంట కొట్టేది బెల్ టవర్ కాదా మరి?" అని వాదించారు కూడా. నిజానికి రెండిట్లోనూ గంటలున్నాయి, కాబట్టి ఆయన తప్పేమీ లేదు.

అన్నట్టు ఆ కంపనీలె 98.6 మీటర్ల ఎత్తు. 1902 జూలై 14న ఉన్నట్టుండి కుప్పకూలింది, అచ్చు అలాగే 1912లో మళ్ళీ కట్టారు. లిఫ్ట్ ఉంది, మోకాళ్ళ నొప్పి వాళ్ళు కూడా పైకెళ్ళొచ్చు. క్యూ పెద్దగా ఉంటే వదిలేయండి. ఎదురుగా నీళ్ళకవతల సాన్ జోర్జో మజ్జోరె చర్చి గోపురానికీ లిఫ్ట్ ఉంది, జనం తక్కువ. పైగా అక్కడి నుంచి చూస్తే సెయింట్ మార్క్ మొత్తం ఎదురుగా కనిపిస్తుంది. కంపనీలె మీద నిలబడితే కంపనీలె కనబడదు కదా.

## పడవ పాస్

పెద్దవాళ్ళు వెంట ఉంటే నేను కళ్ళు మూసుకుని దీనికే ఓటేస్తాను.

గ్రాండ్ కెనాల్ ఊరి మధ్యలో తిరగేసిన ఎస్ అక్షరంలా వంకర తిరుగుతూ దాదాపు 3.8 కిలోమీటర్లు పోతుంది. ఒకటో నంబర్ వాపొరెట్టో ఆ పొడవునా అన్ని స్టాపుల్లో ఆగుతూ నెమ్మదిగా వెళ్తుంది. బస్సులు ఆగే పియాజ్జాలె రోమా నుంచి సెయింట్ మార్క్‌కి ముప్పావు గంట వేసుకోండి. రెండో నంబర్ స్టాపులు తగ్గించి వేగంగా పోతుంది. చూడ్డానికి ఒకటి, చేరడానికి రెండు అని గుర్తుపెట్టుకోండి. రైల్వే స్టేషన్ దగ్గర ఎక్కితే సీటు దొరకదు. ఒక స్టాపు వెనక్కి నడిచి పియాజ్జాలె రోమాలోనే ఎక్కండి, అక్కడ పడవ ఖాళీగా మొదలవుతుంది. మధ్యలో స్టేషన్ ముందు ఒక వంతెన ఉంది, పెద్దవాళ్ళు రైల్లో కాకుండా బస్సులోనో ట్రామ్‌లోనో వస్తే అదీ తప్పుతుంది.

మా బాబాయిది సఖినేటిపల్లి. నర్సాపురం రేవులో పంటెక్కి గోదావరి దాటుతూ పెరిగిన మనిషి. ప్యాలెస్‌లన్నీ మేం చూస్తుంటే ఆయన పడవ సిబ్బందిని చూస్తూ కూర్చున్నాడు. రేవు దగ్గర పడుతుండగా ఒకమ్మాయి, పాతికేళ్ళు కూడా ఉండవు, లావుపాటి తాడు తీసి రేవు మీది ఇనప గుంజకి విసురుతుంది. ఒకే ఒక్క విసురు. వెంటనే రెండో కొసని పడవ మీది కొక్కేనికి ఎనిమిది అంకెలా చుట్టేస్తుంది. తాడు కిర్రుమని బిగుసుకుంటుంది, పడవ రేవుకి ఆనుతుంది, ఇనప గేటు పక్కకి జరుగుతుంది. దిగేవాళ్ళు దిగాక ఎక్కేవాళ్ళు. మళ్ళీ గేటు, మళ్ళీ తాడు. ముప్పావు గంటలో ఆ అమ్మాయి ఒక్కసారి కూడా గురి తప్పలేదు. "మన పంటు మీద వీరన్న కూడా ఇట్టాగే ఏసేవాడు" అన్నాడు బాబాయి. వెనిస్ మొత్తం మీద ఆయనకి గుర్తున్నది అదే.

దారిలో 1883లో వాగ్నర్ అనే జర్మన్ సంగీతకారుడు కన్నుమూసిన కా వెంద్రమీన్ (ఇప్పుడది కాసినో), కా దోరో ప్యాలెస్, 1591లో పూర్తయిన రియాల్తో వంతెన ఒకదాని వెంట ఒకటి వస్తాయి. చివర్లో కుడిపక్కన తెల్లటి గుమ్మటం సలూతె చర్చిది. 1630 నాటి ప్లేగు పీడ విరగడైతే కట్టిస్తామని మొక్కుకుని కట్టింది. దాని కింద బురదలో పది లక్షలకు పైగా చెక్క దుంగలు దిగ్గొట్టారని చెబుతారు. ఊరంతా నిలబడింది ఇలాంటి దుంగల మీదే. గాలి తగలని బురదలో ఉన్నంతకాలం చెక్క అంత త్వరగా కుళ్ళిపోదు.

ఒక లోపం చెప్పాలి. పగలు పదకొండు నుంచి నాలుగు దాకా ఒకటో నంబర్‌లో మన లోకల్ రైలు రద్దీ ఉంటుంది. కూర్చున్నవాళ్ళకి ఫరవాలేదు, నిలబడ్డవాళ్ళకి ముందున్న మనిషి వీపే గ్రాండ్ కెనాల్. పొద్దున తొమ్మిదిలోపో, సాయంత్రం దీపాలు పెట్టాకో ఎక్కండి. పాస్ కూడా తేదీ ప్రకారం నడవదు, మొదటిసారి మెషీన్‌కి చూపించిన గంట నుంచి 24 గంటలు. మెస్త్రెలో దిగినవాళ్ళు అక్కడి బస్సు, ట్రామ్‌లకీ అదే వాడుకోవచ్చు. ఎక్కిన ప్రతిసారీ మెషీన్‌కి ఆనించడం మర్చిపోకండి, జేబులో పాస్ ఉన్నా ఆనించకపోతే జరిమానా పడొచ్చు.

మా తొమ్మిది మందిలో చిన్నదానికి ఐదేళ్ళే, దానికి టికెట్టు లేదు. ఎనిమిది పాసులకి 200 యూరోలు. మామయ్య లెక్క చూసి ముఖం ముడుచుకున్నారు. సాయంత్రం ఆరోసారి ఎక్కుతున్నప్పుడు విడి టికెట్లయితే ఎంతయ్యేదో ఆయనే మాకు లెక్క చెప్పారు.

## దీవులు: మురానో, బురానో

ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. ఫొటోలు చూసి మనసు పారేసుకుంటారు, గంటలు లెక్కపెట్టుకోరు.

ఊరికి ఉత్తరాన ఫోందమెంతె నోవె అనే రేవు ఉంది. అక్కడి నుంచి మురానో పది నిమిషాలు. బురానోకి 12వ నంబర్ పడవలో ముప్పావు గంట. సెయింట్ మార్క్ నుంచి ఆ రేవుకి నడక, పడవ కోసం ఎదురుచూపు, మధ్యలో మురానోలో దిగడం, మళ్ళీ ఎక్కడం, తిరుగు ప్రయాణం అన్నీ కలిపితే ఐదారు గంటలు ఇట్టే పోతాయి. మీకున్నవి ఆరు గంటలే అయితే ఊరు చూడనట్టే.

మురానోది గాజు. కొలిమిల వల్ల ఊరు తగలబడుతుందన్న భయంతో 1291లో గాజు పనివాళ్ళందరినీ ఈ దీవికి తరలించారు. ఎర్రగా కాలిన గాజు ముద్దని పటకారుతో నాలుగు లాగుల్లో గుర్రంగా మార్చే విద్య పిల్లలు కళ్ళార్పకుండా చూస్తారు. ఆదివారాల్లో చాలా కొలిమిలు పనిచేయవు. "మురానోకి ఉచిత పడవ" అని ఎవరైనా పిలిస్తే ఆ పడవ నేరుగా ఒక షోరూమ్ లోపలికే తీసుకెళ్తుందని అనుకోండి. మొదటిసారి మాకు అదే జరిగింది. కొలిమి చూపించింది పది నిమిషాలు, షోరూమ్‌లో నిలబెట్టింది గంట. ఏమీ కొనకుండా బయటికి రావడానికి ఒక రకమైన ధైర్యం కావాలి, మా జట్టులో అది ఇద్దరికే ఉంది. సొంతంగా పాస్‌తో వెళ్ళండి. కొనేటప్పుడు వెత్రో ఆర్టిస్టికో మురానో అన్న ముద్ర చూసుకోండి, చవక దుకాణాల్లో బయట దేశాల సరుకూ ఉంటుంది.

బురానో ఫొటోల్లో ఎంత బాగుంటుందో ఎదురుగానూ అంతే బాగుంటుంది. నీలం పక్కన గులాబి, దాని పక్కన పసుపు, ఏ రెండిళ్ళూ కలవవు. చర్చి గోపురం పక్కకి ఒరిగి ఉంటుంది. నేల సమంగా, వంతెనలు చిన్నగా ఉండడం వల్ల అత్తయ్య ఇబ్బంది లేకుండా తిరిగింది. చేత్తో అల్లిన లేసు నిజంగా ఖరీదు, పది యూరోల టేబుల్ క్లాత్ చేత్తో అల్లింది అయ్యే ప్రసక్తే లేదు. ఇళ్ళలో మనుషులుంటారు, గుమ్మాల మీదెక్కి ఫొటోలు దిగకండి. సాయంత్రం తిరుగు పడవకి పెద్ద క్యూ ఉంటుంది. నాలుగు లోపే బయల్దేరండి.

మొదటిసారి వెనిస్ వచ్చి ఒక్క రోజే ఉన్నవాళ్ళకి దీవులు వద్దని చెప్తాను. తప్పదు అంటే మురానో ఒక్కటి చాలు. రెండో రోజు చేతిలో ఉంటే మాత్రం ఆ రోజంతా వీటికే ఇవ్వండి. బురానో నుంచి ఐదు నిమిషాల్లో తోర్చెల్లో అనే దీవికి వెళ్ళి ఆ పాత కథీడ్రల్‌లో అంతిమ తీర్పు మొజాయిక్ చూడండి. ప్రవేశ రుసుము కూడా పాత ఊరికే, ఈ దీవులకి లేదు.

## సందుల్లోకి

మా తమ్ముడు, అంటే పిన్ని వాళ్ళబ్బాయి, ఈ దారి పట్టాడు. మేం పడవల్లో తిరుగుతుంటే మధ్యాహ్నమంతా ఒక్కడే నడిచి, సాయంత్రం వచ్చి "అసలు ఊరు మీరు చూడలేదు" అని దెప్పాడు. నిజమే.

స్టేషన్ నుంచి ఎడమకి తిరిగితే కన్నరేజో పేట. అక్కడే 1516లో యూదుల్ని ఒక చోట పెట్టి రాత్రిళ్ళు గేట్లు మూసిన ఘెట్టో ఉంది. ఆ మాట ప్రపంచానికి వెళ్ళింది ఇక్కడి నుంచే. స్థలం చాలక ఇళ్ళు పైకి పెంచుకుంటూ పోయారు, ఆరేడు అంతస్తులవి ఇప్పటికీ కనిపిస్తాయి. అటు నుంచి తూర్పుకి నడిస్తే రియాల్తో చేరే ముందు కోర్తె దెల్ మిలియోన్ అనే చిన్న వాకిలి వస్తుంది. మార్కో పోలో కుటుంబం ఇళ్ళు ఉన్న చోటు. తెలుగువాళ్ళు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. మన చినగంజాం దగ్గరి మోటుపల్లి రేవు గురించి, అక్కడి వజ్రాల గురించి, సాలెగూడంత సన్నటి బట్టల గురించి, న్యాయంగా ఏలుతున్న ఒక రాణి గురించి రాసింది ఈ వాకిలి మనిషే. ఆ రాణి రుద్రమదేవి అనే చాలామంది చరిత్రకారులు అంటారు. వాకిట్లో పెద్దగా చూసేదేమీ లేదు, ఒక బావి, నాలుగు గోడలు. మా తమ్ముడు మాత్రం అక్కడే అరగంట కూర్చున్నాడు.

రియాల్తో వంతెన దాటాక ఫ్రారి చర్చి, లోపల టిషియన్ అనే చిత్రకారుడు 1518లో పూర్తి చేసిన పెద్ద బొమ్మ. ఇంకా దక్షిణంగా సాన్ త్రొవాజోలో గొండోలాలు బాగుచేసే షెడ్డు ఉంది, కాలవ అవతలి గట్టు నుంచి చూడొచ్చు. అక్కడి నుంచి జాత్తెరె గట్టు మీదికి వస్తే వెడల్పాటి చదును దారి, ఎదురుగా నీళ్ళు. కాళ్ళు పీక్కుపోయి ఉంటాయి కాబట్టి ఇక్కడికి వచ్చేసరికి సాయంత్రం అయ్యేట్టు చూసుకోండి.

ఫోన్ మ్యాపుని మరీ నమ్మకండి. ఎత్తు గోడల మధ్య సందుల్లో నీలం చుక్క కాలవ మధ్యలో చూపిస్తుంది. గోడల మీద పసుపు బోర్డులుంటాయి: "పెర్ రియాల్తో", "పెర్ సాన్ మార్కో", "అల్లా ఫెర్రోవీయా". ఆఖరిది రైల్వే స్టేషన్. వాటిని పట్టుకుంటే చాలు. వంతెన మెట్ల మీద కూర్చుని తినకండి, జరిమానా వేస్తారు.

## గొండోలా సంగతి

అందరూ అడిగేది ఇదే కాబట్టి విడిగా చెప్తున్నాను. పగలు అరగంటకి 90 యూరోలు, సాయంత్రం ఏడు దాటాక 35 నిమిషాలకి 110. ఇది పడవకి, మనిషికి కాదు. ఐదుగురి దాకా ఎక్కొచ్చు. అంటే ఐదుగురు కలిస్తే తలా 18. టూర్‌లో కొత్తగా పరిచయమైన జంటని కలుపుకుంటే ఖర్చు తగ్గుతుంది, పాట మాత్రం ధరలో ఉండదు. గ్రాండ్ కెనాల్‌లో వద్దు, అక్కడ పెద్ద పడవల అలలకి ఊగడమే. చిన్న కాలవల్లోకి వెళ్ళే చోటు చూసి ఎక్కండి.

మేం తొమ్మిది మందిమి కాబట్టి రెండు పడవలు, 180. చర్చ చాలాసేపు జరిగింది. చివరికి అత్తయ్య, మామయ్య, పిన్ని, పిల్లలిద్దరూ ఎక్కారు, 90తో పోయింది. మిగిలిన నలుగురం త్రాగెత్తో ఎక్కాం. వంతెన లేని చోట గ్రాండ్ కెనాల్‌ని దాటించే పెద్ద గొండోలా అది. మనిషికి 2 యూరోలు, రెండు నిమిషాల ప్రయాణం. కా దోరో దగ్గర సాంతా సోఫియా రేవు నుంచి రియాల్తో మార్కెట్‌కి దాటొచ్చు. ఇది కూడా అచ్చం పంటే అన్నాడు బాబాయి.

## శాకాహారులకి

వెనిస్ వంట అంటే చేపలే. బార్లలో అద్దాల వెనక చిన్న బ్రెడ్డు ముక్కల మీద రకరకాలవి పెట్టి అమ్ముతారు, చికెత్తి అంటారు. వాటిలో తెల్లగా వెన్నలా కనిపించేది బక్కలా, ఎండు చేప ముద్ద. పిన్ని దాన్ని మీగడనుకుని చెయ్యి చాపింది, అడిగి తెలుసుకుని వెనక్కి తీసుకుంది. "సెంజా కార్నె, సెంజా పెషె" అనండి, మాంసం వద్దు, చేప వద్దు అని. రిజోత్తో అనే అన్నం వంటకం చేసే నీళ్ళలో కూడా మాంసం రసం ఉండొచ్చు, అడగండి. పిజ్జా మరినారా పేరుకే సముద్రం, ఉండేది టొమాటో, వెల్లుల్లి, అంతే. నిలబడి తింటే ఒక ధర, కూర్చుంటే ఇంకో ధర. సెయింట్ మార్క్ మైదానంలో సంగీతం వినిపించే కుర్చీల్లో కూర్చుంటే ఆ సంగీతానికీ బిల్లు వేస్తారు. అన్నం, పప్పు లేకపోతే గడవనివాళ్ళకి సాయంత్రం మెస్త్రెలో ఇబ్బంది లేదు. అక్కడ బంగ్లాదేశ్ వాళ్ళు చాలామంది ఉన్నారు, మన రుచులకి దగ్గరగా దొరుకుతుంది.

## అందరూ కలిసి వచ్చినప్పుడు

తొమ్మిది మందికి ఒకే దారి కుదరదు. పొద్దున తొమ్మిదికి అందరూ ఒకటో నంబర్ పడవ, తర్వాత పన్నెండు దాకా సెయింట్ మార్క్, అక్కడి నుంచి విడిపోవడం. నడవగలిగినవాళ్ళు సందుల్లోకి, మిగతావాళ్ళు రెండో నంబర్‌లో సాన్ జోర్జో దీవికి, లిఫ్ట్‌లో పైకి. పిల్లలు గాజు గాజు అని గోల పెడితే ఒకరు వాళ్ళని తీసుకుని మురానోకి. నవంబర్, డిసెంబర్లలో అయితే నీటిమట్టం కబురు కూడా చూసుకోండి. 2020 అక్టోబర్ నుంచి సముద్రం వైపు మోజె అనే గేట్లు లేపి పెద్ద పోటుల్ని ఆపుతున్నారు, అయినా మైదానం పల్లం కాబట్టి చిన్నపాటి నీళ్ళు రావొచ్చు.

మళ్ళీ కలిసే చోటు మాత్రం టవర్ అని చెప్పకండి. సింహం అని కూడా వద్దు, వెనిస్‌లో ప్రతి గోడ మీదా ఒక సింహం ఉంటుంది. డోజ్ ప్యాలెస్ పక్కన నీళ్ళ వైపు రెండు ఎత్తు స్తంభాలున్నాయి. ఒకదాని మీద రెక్కల సింహం, రెండోదాని మీద మొసలిని తొక్కి నిలబడ్డ సెయింట్ థియొడోర్. పూర్వం ఆ రెంటి మధ్య ఉరిశిక్షలు వేసేవారట, ఊరివాళ్ళు ఇప్పటికీ వాటి మధ్య నుంచి నడవరు. రెండోసారి మేం పెట్టుకున్న గుర్తు, మాస్టారుగారికి కూడా ఫోన్‌లో చెప్పాను: మొసలి స్తంభం కింద, ఐదింటికి.